నీటి అడుగుకు గాలిని మోసుకెళ్తే: మనుషుల డైవింగ్, తిమింగలాల డైవింగ్

డైవింగ్ ప్రమాదం గురించి వార్త వచ్చినప్పుడల్లా రెండు మాటలు దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి, ‘సిలిండర్‌లో ఆక్సిజన్ అయిపోవడంతో...’. రెండోది, ‘గజ ఈతగాడై ఉండి కూడా...’. చదివేటప్పుడు రెండూ సహజంగానే అనిపిస్తాయి. కానీ రెండూ అసలు విషయాన్ని పక్కదారి పట్టిస్తాయి.

సరదాగా డైవింగ్ చేసేవాళ్లు వీపున మోసే సిలిండర్‌లో సాధారణంగా ఆక్సిజన్ ఉండదు. మనం ఇప్పుడు పీలుస్తున్న గాలినే వడగట్టి, తేమ తీసేసి, గట్టిగా కుక్కి నింపుతారు. అందులో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. నిజంగానే స్వచ్ఛమైన ఆక్సిజన్ నింపి ఒక మనిషిని 20 మీటర్ల లోతుకు పంపితే, మూర్ఛ వచ్చి నీళ్లలోనే ప్రాణం పోవచ్చు. ఇక ఈత సంగతి. ఈత బాగా వస్తే నీళ్లంటే బెదురు ఉండదు, కంగారు తగ్గుతుంది. అది మంచిదే. కానీ ఒంట్లో ఉన్న వాయువులు పీడనానికి ఎలా లొంగుతాయనేది ఎవరి ఈతనైపుణ్యాన్ని బట్టీ మారదు.

గాలిని ఒంట్లో ఎక్కడ పెట్టుకుని కిందికి వెళ్తున్నాం? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుంటే డైవింగ్ చుట్టూ ఉన్న చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. మనుషులకూ తిమింగలాలకూ ఉన్న తేడా కూడా అక్కడే తెలుస్తుంది.

మూడు రకాల మునక

మొదట పేర్లు విడదీసుకుందాం. నీటి పైన తేలుతూ, నోట్లో గొట్టం పెట్టుకుని, కళ్లద్దాల్లోంచి కిందికి చూడటం స్నార్కెలింగ్. ఒక్కసారి గుండెల నిండా ఊపిరి తీసుకుని, దాన్ని బిగబట్టి కిందికి దిగి, మళ్లీ పైకి వచ్చాకే ఊపిరి తీసుకోవడం ఫ్రీడైవింగ్. ముత్యాల కోసం, చేపల కోసం వేల ఏళ్లుగా మనుషులు చేస్తున్నది ఇదే. సీల్, తిమింగలం, పెంగ్విన్, తాబేలు చేసేదీ ఇదే. సిలిండర్ మోసుకెళ్లి నీటి అడుగునే గాలి పీల్చడం స్కూబా డైవింగ్. నోటికి తగిలించుకునే రెగ్యులేటర్ అనే పరికరం, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిసమానంగా గాలిని అందిస్తుంది.

ఆ ‘సరిసమానంగా’ అన్నదే కీలకం. పొడవాటి గొట్టం ఒకటి పెట్టుకుని రెండు మీటర్ల కింద హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు కదా అని చిన్నప్పుడు చాలామందికి అనిపించే ఉంటుంది. కుదరదు. ఒక మీటరు లోతులోనే ఛాతీ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల బరువు అదనంగా పడుతుంది. ఛాతీ మొత్తం మీద లెక్కేస్తే ఆ బరువును నెట్టుకుంటూ, నీటిపైనుంచి మామూలు పీడనంలో ఉన్న గాలిని లోపలికి లాగడం మన కండరాల వల్ల అయ్యే పని కాదు. స్నార్కెల్ గొట్టం అంత పొట్టిగా ఉండేది అందుకే.

పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున

సముద్ర మట్టం దగ్గర మన మీద గాలి పీడనం సుమారు 1 బార్. నీటిలోకి దిగితే ప్రతి 10 మీటర్లకు దాదాపు మరో బార్ కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4, 100 మీటర్ల దగ్గర 11.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. నీరు అంత తేలిగ్గా నొక్కుకుపోదు కాబట్టి చేతులకు, కాళ్లకు ఈ పీడనం తెలియనే తెలియదు. గాలి ఉన్న చోట్లే తెలుస్తుంది: ఊపిరితిత్తులు, కర్ణభేరి వెనక ఉన్న మధ్య చెవి, ముఖంలోని సైనస్ గదులు, కళ్లకు పెట్టుకున్న మాస్క్ లోపలి ఖాళీ. పీడనం రెట్టింపైతే గాలి సగానికి కుంచించుకుపోతుందన్న బాయిల్ నియమం స్కూల్లో అందరం చదివిందే. డైవింగ్‌లో అది చెవినొప్పి రూపంలో మొదటి రెండు మూడు మీటర్లలోనే ఎదురవుతుంది. డైవర్లకు అన్నిటికంటే ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవుల్లోకి పంపడం, గుటక వేయడం వంటివి చేసేది ఈ ఒత్తిడిని సరిచేయడానికే. జలుబు చేసినప్పుడు ముక్కుకూ చెవికీ మధ్య ఉన్న సన్నటి నాళం మూసుకుపోతుంది. ముక్కు బిగుసుకుందని మందు వేసుకుని దిగినవాళ్లకు అడుగున ఉండగా మందు పని అయిపోతే, పైకి వచ్చేటప్పుడు లోపల చిక్కిన గాలి బయటికి రాలేక నొప్పి తిరగబెడుతుంది.

ఇక్కడ చాలామంది ఊహకు అందని విషయం ఒకటుంది. ఎక్కువ లోతులోనే పీడనం మార్పు తీవ్రంగా ఉంటుందని మనం అనుకుంటాం. లెక్క వేసి చూడండి. 30 మీటర్ల నుంచి 20కి వస్తే పీడనం 4 నుంచి 3కి తగ్గుతుంది. గాలి పరిమాణం మూడో వంతు పెరుగుతుంది. 10 మీటర్ల నుంచి పైకి వస్తే 2 నుంచి 1కి తగ్గుతుంది. గాలి ఏకంగా రెట్టింపవుతుంది. అవే 10 మీటర్లు, కానీ చివరి 10 మీటర్లే అన్నిటికంటే ప్రమాదకరం.

‘ఊపిరి బిగబట్టొద్దు’ అన్నది ఎవరికి?

స్కూబా నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట చెప్పే మాట: నీళ్లలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. మరి ఫ్రీడైవర్ అయితే బిగబట్టే కదా దిగుతాడు? ఈ వైరుధ్యం చూసి తికమకపడేవాళ్లు చాలామంది.

ఫ్రీడైవర్ 6 లీటర్ల గాలిని పైన పీల్చుకుని దిగాడనుకుందాం. 10 మీటర్ల దగ్గర అది 3 లీటర్లకు కుంచించుకుపోతుంది. పైకి వచ్చేసరికి మళ్లీ 6 లీటర్లే. ఛాతీ ఎంత పట్టగలదో అంతే. స్కూబా డైవర్ సంగతి వేరు. అతను 10 మీటర్ల దగ్గరే, 2 బార్ల పీడనంలో, 6 లీటర్ల నిండు ఊపిరి తీసుకుంటాడు. దాన్ని బిగబట్టి పైకి వస్తే అది 12 లీటర్లు కావాలి. ఊపిరితిత్తులు అంత సాగవు. వాటి గోడలు చిరిగి, గాలి నేరుగా రక్తంలోకి దూరుతుంది. అక్కడి నుంచి మెదడుకు చేరిన బుడగ నిమిషాల్లో స్పృహ తప్పిస్తుంది. దీన్నే ఆర్టీరియల్ గ్యాస్ ఎంబాలిజం అంటారు. నిండు ఊపిరితో ఉంటే మీటరు, మీటరున్నర నీళ్లలోంచి లేచినా ఇది జరగవచ్చు. ఈతకొలనులో శిక్షణ సమయంలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

ఆ మాట నీటి అడుగున గాలి పీల్చినవాళ్లకు. పైనుంచి గాలిని తెచ్చుకున్న తిమింగలానికీ ఫ్రీడైవర్‌కూ అది వర్తించదు.

12 లీటర్ల సిలిండర్ ఎంతసేపు వస్తుంది?

12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల పీడనంతో గాలి నింపితే లోపల సుమారు 2,400 లీటర్ల గాలి ఉన్నట్టు. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి నీటి పైన అది రెండు గంటలు వస్తుంది. 10 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరిలో రెట్టింపు గాలి పడుతుంది కాబట్టి ఒక గంట. 20 మీటర్ల దగ్గర 40 నిమిషాలు. 30 దగ్గర అరగంట. అదీ చివరి చుక్క వరకు వాడితే. పైకి రావడానికి 50 బార్లు పక్కన పెట్టుకోవాలనే లెక్కతో చూస్తే 30 మీటర్ల దగ్గర మిగిలేది 22 నిమిషాలే.

ఇప్పుడు అదే మనిషి టెన్షన్ పడ్డాడనుకోండి. ఊపిరి వేగం రెట్టింపైతే ఆ 22 కాస్తా 11 అవుతుంది. డైవింగ్ మరణాల మీద జరిగిన పరిశీలనల్లో గాలి అయిపోవడం, కంగారుపడి గబగబా పైకి రావడం, అంతకుముందే ఉన్న గుండె జబ్బు బయటపడటం అనే మూడూ పదేపదే కనిపిస్తాయి. చనిపోయినవారిలో చాలామంది నడుముకు కట్టుకున్న బరువులు విప్పుకోకుండానే దొరికారన్న సంగతి నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఒక్క బకిల్ తీస్తే శరీరం దానంతట అదే పైకి తేలేది. భయం ఆ ఒక్క పని కూడా చేయనివ్వదు.

నైట్రోజన్ మత్తు, ఆక్సిజన్ విషం

గాలిలో ఒక వాయువు వాటా ఎంతో, పీడనంలో దాని వాటా కూడా అంతే. దీన్ని పాక్షిక పీడనం అంటారు. నీటి పైన ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.21 బార్. 30 మీటర్ల దగ్గర అదే గాలిలో 0.84. శాతం మారలేదు, కానీ శరీరానికి తగిలే మోతాదు నాలుగు రెట్లయింది. ఒంటికి లెక్క ఈ మోతాదే, శాతం కాదు.

నైట్రోజన్ మామూలుగా మన ఒంట్లో ఏ పనీ చేయదు. కానీ 30 మీటర్లు దాటేసరికి అది మత్తు పదార్థంలా పనిచేయడం మొదలుపెడుతుంది. కొందరికి ఉత్సాహం ముంచుకొస్తుంది, కొందరికి కారణం లేని భయం. చిన్న కూడిక కూడా తప్పు చేస్తారు. గేజ్ చూస్తారు, అంకె కనిపిస్తుంది, దాని అర్థం బుర్రకెక్కదు. కాస్త పైకి వస్తే మత్తు దానంతట అదే దిగిపోతుంది. మత్తులో ఉన్నవాడికి తను మత్తులో ఉన్నట్టు తెలియకపోవడమే అసలు ముప్పు.

ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.6 బార్ దాటితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉందని లెక్కిస్తారు. సరదా డైవింగ్‌లో 1.4నే హద్దుగా పెట్టుకుంటారు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌కైతే 6 మీటర్ల దగ్గరే 1.6 వచ్చేస్తుంది. నైట్రాక్స్ అనే మిశ్రమం గురించి ఉన్న అపోహ కూడా ఇక్కడే తొలగిపోతుంది. అందులో ఆక్సిజన్ 32 శాతం ఉంటుంది కాబట్టి ఇంకా లోతుకు వెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. 1.4ను 0.32తో భాగిస్తే 4.375 బార్లు, అంటే సుమారు 33 మీటర్లు. అదే హద్దు మామూలు గాలికి 56 మీటర్ల వరకు ఉంటుంది. నైట్రాక్స్ లోతు పెంచదు. నైట్రోజన్ తక్కువ కాబట్టి అదే లోతులో ఎక్కువసేపు ఉండనిస్తుంది. మరీ లోతుకు వెళ్లేవాళ్లు మత్తు తగ్గడానికి హీలియం కలుపుతారు.

బెండ్స్: వంతెన కట్టిన కూలీల నుంచి హాల్డేన్ మేకల దాకా

డైవింగ్ పేరు చెప్పగానే గుర్తొచ్చే జబ్బు డీకంప్రెషన్ సిక్‌నెస్, వాడుకలో ‘బెండ్స్’. కానీ దీన్ని మొదట గుర్తించింది డైవర్లలో కాదు. 19వ శతాబ్దంలో నదుల అడుగున వంతెనల పునాదులు తవ్వడానికి కెయిసన్ అనే పెద్ద పెట్టెలను దింపి, నీరు రాకుండా లోపలికి గాలిని ఒత్తిడితో పంపేవారు. ఆ గాలిలో గంటల తరబడి పనిచేసి బయటికొచ్చిన కూలీలకు కీళ్లు విపరీతంగా నొప్పి పుట్టేవి. కొందరికి కాళ్లు పడిపోయేవి, కొందరు చనిపోయేవారు. నొప్పితో ఒళ్లు వంచి నడిచేవారు కాబట్టే ‘బెండ్స్’ అనే పేరు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దీని బారిన పడ్డారు. ఆ తర్వాత ఆయన ఇంటి నుంచే పని నడిపించగా, ఆయన భార్య ఎమిలీ రోబ్లింగ్ ఆదేశాలను పనివాళ్లకు చేరవేస్తూ 1883లో వంతెన తెరిచే దాకా నిలబడ్డారు.

కారణం చెప్పింది ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్. 1878లో ఆయన ప్రచురించిన పరిశోధన ప్రకారం, పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు నైట్రోజన్ రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. పీడనం ఒక్కసారిగా తగ్గితే బుడగలై బయటపడుతుంది. సోడా సీసా మూత తీసినప్పుడు జరిగేదే అని అందరూ చెబుతారు. పోలిక బాగుంది కానీ సగమే. సీసాలో ఉన్నది ఒకే ద్రవం. మన ఒంట్లో మెదడు, రక్తం నిమిషాల్లో నైట్రోజన్‌తో నిండి అంతే త్వరగా ఖాళీ అవుతాయి. కొవ్వు, కీళ్ల దగ్గరి కణజాలం గంటల తరబడి నింపుకుంటూ, గంటల తరబడి వదులుతాయి. ఒకే మనిషిలో ఒకేసారి పది రకాల సీసాలు ఉన్నట్టు.

ఆ పది సీసాల లెక్క కట్టే పని బ్రిటన్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ చేశారు. మేకలను పీడనపు గదిలో పెట్టి, రకరకాల వేగాల్లో పీడనం తగ్గించి చూశారు. జబ్బు చేసిన మేక ముందు కాలు ఎత్తి పట్టుకునేది. రెండు బార్ల నుంచి ఒక బార్‌కు, అంటే సగానికి తగ్గిస్తే వాటికి ఏమీ కావడం లేదని గమనించి, పీడనాన్ని ప్రతిసారీ సగానికి మించి తగ్గించకుండా మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి రావాలని 1908లో పట్టికలు ప్రచురించారు. ఈనాటి డైవర్ మణికట్టుకు ఉండే డైవ్ కంప్యూటర్ లోపల నడిచే లెక్కల్లో చాలావాటికి మూలం అదే. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావడం, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం అనేవి ఆ మెట్లకు సరళమైన రూపాలు.

కణజాలం పూర్తిగా నిండిపోయాక ఇంక నైట్రోజన్ పట్టదు. చమురు బావుల దగ్గర పనిచేసే శాచురేషన్ డైవర్లు దీన్నే వాడుకుంటారు. వారాల తరబడి పీడనపు గదిలోనే ఉండి, పని అంతా ముగిశాక ఒక్కసారే, కొన్ని రోజులు పట్టేలా, నెమ్మదిగా బయటికి వస్తారు. ఒక రోజు ఉన్నా నెల ఉన్నా బయటికి రావడానికి పట్టే కాలం ఒకటే.

విమాన ప్రయాణం సంగతి కూడా ఈ లెక్కలోదే. విమానం లోపల గాలి పీడనం నేల మీద కంటే తక్కువ, సుమారు ముప్పావు బార్. ఒంట్లో ఇంకా నైట్రోజన్ మిగిలి ఉండగా విమానం ఎక్కితే మరికాస్త పైకి తేలినట్టే. ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, వరుస డైవ్‌ల తర్వాత 18 గంటలు ఆగాలనే సూచన అందుకే. లక్షణాలు చాలాసార్లు బయటికి వచ్చిన కొన్ని గంటలకు గానీ కనపడవు. ‘ఒడ్డుకు వచ్చినప్పుడు బాగానే ఉన్నాడు’ అన్న సాక్ష్యం బెండ్స్ కాదనడానికి సరిపోదు.

బుడగ కనిపిస్తే జబ్బు ఉన్నట్టేనా?

ఇక్కడి దాకా కథ శుభ్రంగా ఉంది. చిక్కంతా ఇక్కడి నుంచే. అల్ట్రాసౌండ్ పరికరాలు వచ్చాక, నియమాలన్నీ పాటించి, ఏ బాధా లేకుండా ఉన్న డైవర్ల రక్తంలో కూడా బుడగలు కనిపించాయి. వాటిని నిశ్శబ్ద బుడగలు అన్నారు. బుడగలు ఎక్కువైతే జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఫలానా మనిషికి వస్తుందా రాదా అన్నది బుడగలను లెక్కపెట్టి చెప్పలేకపోతున్నారు. బుడగ మూలంగా రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం, శరీరం దానికి వాపుతో స్పందించడం కూడా జబ్బులో భాగమని ఇప్పుడు చాలామంది పరిశోధకులు చూస్తున్నారు.

గుండెలోనూ ఒక చిక్కుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె పై గదుల మధ్య ఉండే చిన్న రంధ్రం పుట్టాక మూసుకుపోతుంది. సుమారు నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు. సిరల్లోని బుడగలు మామూలుగా ఊపిరితిత్తుల దగ్గర వడపోతకు ఆగిపోతాయి. ఈ రంధ్రం ఉంటే వడపోత తప్పించుకుని ధమనుల్లోకి దాటవచ్చు. మరి డైవర్లందరికీ పరీక్ష చేయాలా? పావు వంతు మందికి అది ఉన్నా, వాళ్లలో అత్యధికులకు ఎప్పుడూ ఏమీ కాదు కాబట్టి అందరికీ అక్కర్లేదన్నది ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. పదేపదే బెండ్స్ వచ్చినవారికి, మెదడు లేదా వెన్నుపాము లక్షణాలు కనిపించినవారికి చేయడం మీద మాత్రం పెద్దగా వివాదం లేదు.

లోతులోనే మొదటిసారి ఆగాలా అన్న చర్చ ఇంకా ఆసక్తికరం. చేపల శాస్త్రవేత్త రిచర్డ్ పైల్ లోతు నుంచి చేపలు పట్టి తెచ్చేటప్పుడు, వాటి గాలితిత్తి ఉబ్బకుండా మధ్యలో ఆగి సూదితో గాలి తీసేవారు. అలా ఆగిన రోజుల్లో తనకు అలసట తక్కువగా ఉంటోందని గమనించారు. ఆ పరిశీలన నుంచి ‘డీప్ స్టాప్’ పద్ధతి విస్తరించింది. బుడగలు మొలకెత్తకముందే ఆపాలన్న వాదనలో తర్కం ఉంది. కానీ 2011లో అమెరికా నౌకాదళ ప్రయోగశాల వెలువరించిన పరీక్షలో, మొత్తం సమయం ఒకటే అయినప్పుడు, లోతులో ఎక్కువసేపు ఆగినవారికే బెండ్స్ ఎక్కువగా వచ్చింది. లోతులో ఆగినంతసేపూ నెమ్మదిగా నిండే కణజాలం ఇంకా నింపుకుంటూనే ఉంటుంది మరి. ఆ పరీక్షలోని డైవ్‌లు సరదా డైవింగ్‌ను పోలి లేవని డీప్ స్టాప్ సమర్థకులు అంటారు. ఆ అభ్యంతరంలో కొంత నిజం ఉంది. అయినా నా దృష్టిలో ఆధారాలు నౌకాదళ పరీక్ష వైపే బరువుగా ఉన్నాయి.

ఒక్క ఊపిరితో దిగేవాళ్ల లెక్క వేరు

మనకు ఊపిరి తీసుకోవాలని అనిపించేది ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు, ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. దిగే ముందు గబగబా లోతుగా ఊపిరి తీసి వదిలితే కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గిపోతుంది. ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు; రక్తంలోని హిమోగ్లోబిన్ అప్పటికే దాదాపు నిండి ఉంటుంది. అంటే ఇంధనం పెరగలేదు, హెచ్చరిక గంట మాత్రం ఆగిపోయింది.

దీనికి పీడనం తోడైతే ఏమవుతుందో చూద్దాం. 20 మీటర్ల దగ్గర ఒకరి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ 4 శాతానికి పడిపోయిందనుకోండి. పీడనం 3 బార్లు కాబట్టి పాక్షిక పీడనం 0.12. నేల మీద మామూలుగా ఉండేదానికి కాస్త తక్కువ. అతనికి బాగానే ఉంటుంది. ఇక చాలని పైకి బయల్దేరతాడు. నీటి పైకి చేరేసరికి అదే 4 శాతం 0.04 అవుతుంది. స్పృహ తప్పే హద్దు అక్కడే. అందుకే ఫ్రీడైవర్లు ఎక్కువగా చివరి కొన్ని మీటర్లలో, ఒక్కోసారి పైకి వచ్చిన కొన్ని క్షణాలకు స్పృహ కోల్పోతారు. ముందుగా ఏ ఆయాసమూ, ఏ సూచనా ఉండకపోవచ్చు. పక్కన చూసేవాళ్లు ఉంటే ముఖం నీటిపైకి ఎత్తి పట్టుకుంటే చాలు, సాధారణంగా కోలుకుంటారు. ఒంటరిగా ఉంటే మునిగిపోతారు. అంత చిన్న తేడా.

మనిషి ఎంత లోతుకు తట్టుకోగలడన్న ప్రశ్నకు ఒకప్పటి లెక్క ఇలా ఉండేది: నిండు ఊపిరి 6 లీటర్లు, పూర్తిగా వదిలినా లోపల మిగిలేది సుమారు 1.5 లీటర్లు. 30 మీటర్ల దగ్గర 6 లీటర్లు 1.5 అయిపోతుంది, అంతకు మించితే ఛాతీ నలిగిపోవాలి. కానీ 1976లో జాక్ మయోల్ ఒక్క ఊపిరితో 100 మీటర్లకు దిగి వచ్చారు. అక్కడ ఆయన ఊపిరితిత్తుల్లో గాలి అర లీటరు పైచిలుకు. చేతులు, కాళ్లలోని రక్తం ఛాతీలోకి చేరి, గాలి ఖాళీ చేసిన చోటును నింపుతుందని తర్వాత అర్థమైంది. ముఖానికి చల్లటి నీరు తగిలి ఊపిరి ఆగగానే గుండె నెమ్మదించడం, చేతులూ కాళ్లకు రక్తం తగ్గడం, ప్లీహం ముడుచుకుని నిల్వ ఉన్న ఎర్ర రక్తకణాలను వదలడం అనే డైవింగ్ ప్రతిచర్య మనలోనూ ఉంది, సీల్‌లోనూ ఉంది. ఆగ్నేయాసియా సముద్రాల్లో తరతరాలుగా మునిగి బతికే బజావు ప్రజల ప్లీహం, పొరుగున నేల మీద బతికే సలువాన్ ప్రజల కంటే సుమారు 50 శాతం పెద్దదని 2018లో ఒక పరిశోధన చూపింది. డైవింగ్ చేయని బజావులకూ అది పెద్దదే, కాబట్టి ఇది సాధనతో వచ్చింది కాదు, జన్యువుల్లోకి దిగినది.

ఒక్క ఊపిరితో దిగేవారికి బెండ్స్ రాదని చాలాకాలం నమ్మారు. పాలినేషియాలోని తువామోటు దీవుల్లో ముత్యాల కోసం రోజంతా, మధ్యలో సరిగా విరామం లేకుండా లోతుగా దిగేవారికి కళ్లు తిరగడం, పక్షవాతం వచ్చేవి. స్థానికులు దాన్ని ‘తరవానా’ అనేవారు. ఒక్కో ఊపిరిలో చేరే నైట్రోజన్ కొంచెమే. పదుల సార్లు చేరితే కొంచెం కాదు.

గాలిని పైనే వదిలి వెళ్లే జంతువులు

మనిషి సాహసాలన్నీ జంతువుల ముందు చిన్నవే. ఎంపరర్ పెంగ్విన్ 500 మీటర్లు దాటి దిగుతుంది. ఏనుగు సీల్ 2 కిలోమీటర్లు దాటిన దాఖలా ఉంది. కువియర్ బీక్డ్ వేల్ అనే ముక్కు తిమింగలం 2,992 మీటర్లకు దిగినట్టు 2014లో నమోదైంది. అదే జాతికి చెందిన ఒకటి 222 నిమిషాలు ఊపిరి తీయకుండా ఉన్నట్టు 2020లో తేలింది. మూడు గంటల నలభై రెండు నిమిషాలు! మనిషి రికార్డు, ముందుగా స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చకుండా, 11 నిమిషాల పైచిలుకు. 20 నిమిషాలు దాటిన రికార్డులు అని వినిపించేవి ఆక్సిజన్ పీల్చి చేసినవి.

ఇవి పెద్ద ఊపిరితో దిగుతాయని అనుకుంటాం. ఏనుగు సీల్, వెడెల్ సీల్ వంటివి మునగబోయే ముందు ఊపిరి వదిలేస్తాయి! మనిషి ఆక్సిజన్ నిల్వలో సుమారు పావు వంతు ఊపిరితిత్తుల్లో ఉంటే, వెడెల్ సీల్‌లో అది 5 శాతమే. మిగతాదంతా రక్తంలో, కండరాల్లో. మన ఒంటి బరువులో రక్తం సుమారు 7 శాతం. ఏనుగు సీల్‌లో 20 శాతం వరకు. కండరాల్లో ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ మనకంటే పది రెట్లకు పైగా ఉండటంతో వాటి మాంసం నలుపుకు తిరిగిన ఎరుపులో ఉంటుంది. అంత ప్రొటీన్ ఒకేచోట కుక్కితే గడ్డకట్టాలి కదా? లోతుగా మునిగే క్షీరదాల్లో దాని ఉపరితలం మీద ధనావేశం ఎక్కువని, అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అంటుకోకుండా ఉంటాయని 2013లో కనుగొన్నారు. మునిగిన నీలి తిమింగలం గుండె నిమిషానికి రెండుసార్లు మాత్రమే కొట్టుకున్న సందర్భాలు కూడా రికార్డయ్యాయి.

ఊపిరితిత్తుల్లో మిగిలిన కాస్త గాలికి కూడా ఓ ఏర్పాటుంది. దిగేకొద్దీ గాలి గదులు ముందుగా ముడుచుకుపోయి, గాలిని గట్టి గొట్టాల్లోకి నెట్టేస్తాయి. అక్కడి నుంచి రక్తంలోకి నైట్రోజన్ చేరే దారి లేదు. మనిషి అడుగుకు గాలిని మోసుకెళ్లి, ప్రతి ఊపిరితో ఒంట్లోకి నైట్రోజన్ నింపుకుంటాడు. సీల్ ఆక్సిజన్‌ను ఒంట్లో దాచుకుని గాలిని పైనే వదిలేస్తుంది.

వాటికీ బుడగలు వస్తాయి

ఇంత చక్కటి ఏర్పాటు ఉండటం వల్ల సముద్ర జంతువులకు బెండ్స్ రానే రాదని దశాబ్దాల పాటు అనుకున్నారు. 2002 సెప్టెంబరులో కెనరీ దీవుల దగ్గర నౌకాదళ విన్యాసాలు జరుగుతుండగా 14 ముక్కు తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నీళ్లలోకి శబ్దం పంపి జలాంతర్గాముల వంటివాటిని వెతికే సోనార్ మొదలైన కొన్ని గంటలకే ఇది జరిగింది. చనిపోయినవాటి అవయవాల్లో, రక్తనాళాల్లో వాయు బుడగలు కనిపించాయని మరుసటి ఏడాది పరిశోధకులు ప్రకటించారు. స్పెయిన్ 2004లో ఆ దీవుల చుట్టూ సోనార్ వాడకాన్ని నిలిపివేసింది. ఆ తర్వాత అక్కడ అలాంటి సామూహిక మరణాలు జరగలేదు.

బుడగలు ఎలా వచ్చాయన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. శబ్దానికి బెదిరి మునకల తీరు మార్చుకోవడం వల్లనని ఎక్కువమంది అంటారు. శబ్ద తరంగాలే బుడగలను పెంచి ఉండవచ్చని కొందరు. చనిపోయాక కుళ్లడం వల్ల పుట్టిన వాయువును బెండ్స్‌గా పొరబడుతున్నారా అన్న సందేహం కూడా వచ్చింది, అది అడగాల్సిన ప్రశ్నే. మరోవైపు, వయసు పైబడిన స్పెర్మ్ వేల్ ఎముకల్లో డైవర్లకు వచ్చే తరహా క్షీణత 2004లో కనిపించింది. దీన్నిబట్టి ఈ జంతువులకు బెండ్స్ నుంచి పూర్తి రక్షణ లేదని, ప్రతి మునకలోనూ అవి ముప్పును అదుపులో ఉంచుకుంటూ బతుకుతున్నాయని, ఆ అదుపు తప్పేలా ఎవరైనా భయపెడితే దెబ్బతింటాయని అర్థం చేసుకోవచ్చు. భయపడిన స్కూబా డైవర్‌కు జరిగేది కూడా అదే.

సందేహాన్ని దాదాపు తీర్చింది తాబేళ్లు. స్పెయిన్ తూర్పు తీరంలో చేపల వలల్లో చిక్కిన 67 లాగర్‌హెడ్ తాబేళ్లను పరీక్షిస్తే 29 తాబేళ్ల ఒంట్లో వాయు బుడగలు ఉన్నట్టు 2014లో వెల్లడైంది. వలలో గింజుకుంటూ ఉండగా పైకి లాగడంతో వాటి ఒంటి ఏర్పాటు చెడిపోయింది. వల నుంచి ప్రాణాలతో విడిపించి నీళ్లలో వదిలేస్తే బతికినట్టేనని జాలర్లు, పరిశోధకులు కూడా అనుకుంటూ వచ్చారు. అలా వదిలినవాటిలో ఎన్ని తర్వాత చనిపోయి ఉంటాయో చెప్పలేం.

ఆ తాబేళ్లలో రెండింటిని పీడనపు గదిలో పెట్టారు. బెండ్స్ వచ్చిన మనిషికి చేసేది కూడా ఇదే: పీడనం మళ్లీ పెంచి, బుడగలను కుదించి, ఆక్సిజన్ పీలిపిస్తూ గంటల తరబడి నెమ్మదిగా తగ్గించడం. నూరేళ్ల కిందట హాల్డేన్ మేకలను కూర్చోబెట్టిన గదికి ఇది దూరపు చుట్టం. రెండు తాబేళ్లూ చికిత్సకు స్పందించాయి.